విమానం ఒంట్లో విప్పి బిగించే గోడ: బరువు మోసే యాక్సెస్ ప్యానెల్ డిజైన్ ఎందుకంత కష్టం

చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని, మూత పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి, రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పి చూడండి. అట్టే అయినా మొండికేస్తుంది. టేపు పీకేసి మూత ఊరికే పెట్టి తిప్పితే, మూత కాస్త జారి, ఆ తర్వాత ఎక్కడో అంచు తగిలి ఆగుతుంది. మూత పూర్తిగా తీసేసి తిప్పితే ఇక ఆపేదే లేదు, డబ్బా తడిసిన అట్టలా వంకరపోతుంది. విమానం ఫ్యూజలేజ్‌లో, అంటే రెక్కలూ తోకా పోగా మిగిలే ఒంట్లో, తీసి పెట్టగలిగే ప్యానెల్ డిజైన్ చేసేవాళ్ల తలనొప్పి అంతా ఈ మూడు ప్రయోగాల్లోనే ఉంది. వాళ్లకు టేపు వేసిన డబ్బా గట్టితనమూ కావాలి, మూత చటుక్కున తీయగలిగే సౌకర్యమూ కావాలి.

తొలి రోజుల విమానాల్లో ఈ గొడవ లేదు. కర్రలతోనో ఉక్కు గొట్టాలతోనో అస్థిపంజరం కట్టి, పైన గుడ్డ కప్పేవారు. బరువంతా అస్థిపంజరం మోసేది, గుడ్డ గాలిని ఆపేది, ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకుని లోపలికి చెయ్యి పెట్టొచ్చు. 1930ల నుంచి లోహపు రేకే బరువు మోసే పద్ధతి వచ్చాక లెక్క మారింది. అడ్డంగా గుండ్రటి ఫ్రేములు, పొడవునా సన్నటి స్ట్రింగర్లు, వాటి మీద మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు. ఆ రేకు చూడ్డానికి తొడుగులా ఉంటుంది గానీ మెలితిప్పే బలాలన్నీ, పక్కకు కోసే షియర్ అంతా దాని గుండానే నడుస్తాయి. కేబిన్‌లో గాలి నింపితే బయటికి ఉబ్బకుండా లాగి పట్టుకునేదీ అదే.

ఆ రేకుకు చుట్టూ మూసుకుని ఉండడంలోనే బలం ఉంది. ఒక మీటరు వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని పొడవునా ఒక్క గీత చీల్చితే మెలికను తట్టుకునే గట్టితనం 3 లక్షల రెట్లకు పైగా పడిపోతుంది. ఇది కాగితం మీద ఎవరైనా వేసుకోగల లెక్క: వ్యాసార్ధాన్ని మందంతో భాగించి, వర్గం చేసి, 3తో గుణిస్తే చాలు. నిజమైన విమానంలో చీలిక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉండదు కాబట్టి అంత ఘోరం జరగదు, రంధ్రానికి ముందూ వెనకా మూసుకుని ఉన్న భాగాలు ఆదుకుంటాయి. కానీ ఆ ఆదుకోవడం ఊరికే రాదు. రంధ్రం దగ్గర తెగిన బలం పక్క ఫ్రేముల్లోకి, స్ట్రింగర్లలోకి మళ్లుతుంది, అవి వంగుతాయి, వంగకుండా ఉండాలంటే లావు చేయాలి, లావు చేస్తే బరువు.

పోనీ రంధ్రమే పెట్టకుండా ఉంటే? కుదరదు. పెద్ద విమానాలకు వర్తించే అమెరికా నిబంధనల్లో 25.611 అని ఒకటి ఉంది, ముఖ్యమైన నిర్మాణ భాగాలనూ కంట్రోల్ వ్యవస్థలనూ తనిఖీ చేయడానికి, మార్చాల్సినవి మార్చడానికి, గ్రీజు పెట్టడానికి దారి ఉండి తీరాలని చెబుతుంది. చెయ్యి దూరని చోట పగులు వస్తే ఎవరూ చూడరు, చూడకపోతే అది పెరుగుతుంది. కాబట్టి రంధ్రం పెట్టడమూ భద్రతే, రంధ్రం దగ్గర బలహీనత రాకుండా చూడడమూ భద్రతే.

దారి ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి హారియర్ చాలు. నిట్టనిలువుగా లేచే ఆ బ్రిటిష్ యుద్ధవిమానంలో ఇంజిన్ మార్చాలంటే మొత్తం రెక్కను పైకి ఎత్తి తీయాలి. డిజైన్ చేసినవాళ్లు తెలిసే ఒప్పుకున్నారు, ఎందుకంటే రెండు పక్కలా ఉండి కిందికి తిరిగే నాలుగు నాజిల్స్ మధ్య ఇంజిన్ ఇరుక్కుని ఉంది, దాన్ని దించడానికో పక్కకు లాగడానికో సరిపడేంత పెద్ద తలుపు పెడితే నడుము దగ్గర ఒళ్లు నిలవదు. ఒక విధంగా అక్కడ రెక్కే పేద్ద యాక్సెస్ ప్యానెల్.

ఇక అసలు విషయం. ప్యానెళ్లు రెండు జాతులు. ఒకటి ఊరికే మూసేది: గాలి ఒరవడిని సాఫీగా ఉంచుతుంది, వాన పడకుండా ఆపుతుంది, అంతే. పావు తిప్పు ఫాస్టెనర్లతో, అంటే క్యామ్‌లాక్, డ్జుస్ రకాలతో, స్క్రూడ్రైవర్ ఒక పావు చుట్టు తిప్పితే ఊడివస్తుంది. రెండోది స్ట్రెస్డ్ ప్యానెల్. అది నిర్మాణంలో భాగం, రేకు ఎంత మోస్తుందో అదీ అంత మోయాలి. ఈ రెండో జాతి వీలైనంత తక్కువ ఉండాలి. చాలా డిజైన్లలో పొరపాటు ఇక్కడే మొదలవుతుంది, ప్యానెల్ మోయగలదు కదా అని మోయిస్తారు, అసలు మోయించాల్సిన అవసరం ఉందా అని అడగరు.

అడిగితే ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేద్దాం. బోయింగ్ 737 పరిమాణపు విమానం అనుకోండి, వెడల్పు 3.76 మీటర్లు, వ్యాసార్ధం 1.88 మీటర్లు. పైన ఎగిరేటప్పుడు కేబిన్‌కీ బయటికీ ప్రెషర్ తేడా సుమారు 8 పీఎస్‌ఐ, చదరపు మీటరుకు ఐదున్నర టన్నుల బరువు. రెండు ఫ్రేముల మధ్య, పొడవు దిశలో 450 మిల్లీమీటర్లు, చుట్టూ దిశలో 600 మిల్లీమీటర్లు ఉండే రంధ్రం పెట్టామనుకుందాం. ఆ ప్యానెల్ మీద లోపలి నుంచి తోసే గాలి బలం ఒకటిన్నర టన్ను. అదే రేకులో చుట్టూ తిరిగి లాగే బలం, ఇంజినీర్లు హూప్ అంటారు, మీటరుకు పదిన్నర టన్నులు. 450 మిల్లీమీటర్ల అంచుకు 4.7 టన్నులు. ప్యానెల్ హూప్‌ను కూడా మోయాలంటే, తోపుడు ఒక్కటే తట్టుకునే ప్యానెల్ కంటే మూడు రెట్లు బలం దాని అంచు స్క్రూల గుండా పోవాలి. మోయకూడదనుకుంటే ఆ 4.7 టన్నుల్ని రంధ్రం చుట్టూ దారి మళ్లించడానికి మందమైన ఉంగరం లాంటి డబ్లర్, గట్టి ఫ్రేములు పెట్టాలి. అవి ఎప్పటికీ విమానంలోనే ఉంటాయి, ఎవరూ విప్పరు, ఎవరూ మరిచిపోరు. బరువు కొన్ని కిలోలు పెరుగుతుంది. ప్రెషర్ ఉండే కేబిన్‌లో ఆ కిలోలు ఖర్చుపెట్టడమే తెలివైన పని. ప్రయాణికుల విమానాల తలుపులు చాలావరకు హూప్‌ను మోయకుండా కేవలం ప్రెషర్ తోపుడును మాత్రమే చుట్టూ ఉన్న స్టాపులకు, అంటే అడ్డుకునే దిమ్మలకు, అప్పగించేలా ఉండేది ఇందుకే.

యుద్ధవిమానంలో సంగతి వేరు. ఒళ్లంతా పరికరాలే, అరచేతి వెడల్పు చోటు ఖాళీగా ఉండదు, రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి. ప్రతి రంధ్రం చుట్టూ లావాటి ఉంగరం పెడితే విమానం ఉంగరాల కుప్ప అవుతుంది. అక్కడ ప్యానెల్ మోయక తప్పదు. మోయించాలని తేల్చుకున్నాక మిగిలేదంతా అంచు కథే.

ప్యానెల్ మధ్యభాగం ఎవరైనా డిజైన్ చేస్తారు, అది మామూలు రేకే. అంచు దగ్గర రివెట్టుకు బదులు స్క్రూ వస్తుంది, కష్టమంతా అక్కడి నుంచే. రివెట్టును కొడితే అది ఉబ్బి రంధ్రాన్ని పూర్తిగా నింపేస్తుంది, సందు ఉండదు. స్క్రూ దూరాలంటే సందు ఉండాలి. పోనీ బాగా బిగుతుగా రంధ్రం వేద్దామంటే 70 స్క్రూల ప్యానెల్‌లో 70 రంధ్రాలూ ఎదురుగా ఫ్రేము అంచుకు బిగించి ఉన్న 70 నట్‌ప్లేట్లతో, అంటే కదలని నట్లతో, ఒకేసారి కలవాలి, రెండు సార్లు విప్పి పెట్టాక అది జరగని పని. వదులుగా వేస్తే ప్యానెల్ జారుతుంది. ముందు నుయ్యి వెనుక గొయ్యి.

జారడం ఎంత ఖరీదో చూడండి. పైన చెప్పిన ప్యానెల్‌లో పై అంచు దగ్గర 0.2, కింది అంచు దగ్గర 0.2 మిల్లీమీటర్లు జారే సందు ఉందనుకుందాం, మొత్తం 0.4. వెంట్రుక మందానికి నాలుగైదు రెట్లు, కంటికి ఆనదు. కానీ రంధ్రం చుట్టూ ఉన్న నిర్మాణం షియర్‌లో ఆ 0.4 మిల్లీమీటర్లు పక్కకు ఒరిగేదాకా ప్యానెల్ ఏమీ మోయదు. అదే రివెట్టు వేసిన 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు అయితే ఆపాటి ఒరుగుకు 450 మిల్లీమీటర్ల అంచు మీద దాదాపు ఒక టన్ను షియర్ మోసేది. ఆ టన్ను ఇప్పుడు పక్క ఫ్రేముల, స్ట్రింగర్ల నెత్తిన పడింది. కంప్యూటర్ మోడల్‌లో ప్యానెల్‌ను చుట్టూ ఉన్న రేకుతో బిందువుకు బిందువు అతికించేసి ఫలితాలు చూసుకుని సంతోషపడితే ఈ టన్ను ఎక్కడా కనిపించదు. టేపు వేసిన డబ్బాను లెక్కగట్టి, ఊరికే మూత పెట్టిన డబ్బాను తయారుచేసినట్టు.

దీనికి దారులు ఉన్నాయి. ఒకటి, పనిని విడగొట్టడం. నాలుగు మూలలా, అంచుల మధ్యా బిగుతుగా కూర్చునే షియర్ పిన్నులు కొన్ని పెట్టి పక్క బలాన్ని వాటికే అప్పగించి, స్క్రూలను కేవలం ప్యానెల్‌ను అదిమి పట్టుకోవడానికి వాడటం. పది పన్నెండు పిన్నులను కచ్చితంగా కలపడం 70 స్క్రూలను కలపడం కంటే సులువు, పైగా ప్యానెల్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలో పిన్నులే చెబుతాయి, స్క్రూ ఎక్కించే మనిషి అల్లాడక్కర్లేదు. ఇంకోటి, బిగించినప్పుడు ఉబ్బి రంధ్రాన్ని నింపే స్లీవ్, అంటే తొడుగు, ఉన్న ఫాస్టెనర్లు. ఖరీదు ఎక్కువ, కానీ రివెట్టుకు దగ్గరగా పనిచేస్తాయి. మూడోది, కొంత జారుడు ఉంటుందని ముందే ఒప్పుకుని చుట్టూ ఉన్న నిర్మాణాన్ని ఆ మేరకు బలంగా కట్టడం. మూడోది చూడ్డానికి ఓటమిలా ఉంటుంది గానీ మిగతా రెండింటికంటే నిజాయతీ ఎక్కువ, పదేళ్లు వాడిన విమానంలో సందు తప్పక పెరుగుతుంది. బిగింపు వల్ల వచ్చే రాపిడి మోస్తుందిలే అని మాత్రం లెక్కలో వేసుకోకూడదు, మధ్యలో పెయింటు ఉంటుంది, సీలెంట్ ఉంటుంది, నూనె కారుతుంది.

తర్వాత స్క్రూ తల. విమానం బయట తల పైకి పొడుచుకు రాకూడదు, రేకులో గుంట చేసి కూర్చోబెట్టాలి. పది నంబరు స్క్రూ, అంటే 4.8 మిల్లీమీటర్లది, 100 డిగ్రీల తల ఉంటే ఆ తల లోతు దాదాపు 2 మిల్లీమీటర్లు. గుంట రేకు మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదని పాత నియమం, దాటితే రంధ్రం అంచు కత్తిలా పదునై అక్కడే పగులు పుడుతుంది. అంటే 2 మిల్లీమీటర్ల తలకు కనీసం 3 మిల్లీమీటర్ల మందం కావాలి, మరి రేకు మందం 1.2. అందుకని ప్యానెల్ మధ్యలో పల్చగా, చుట్టూ అంచు దగ్గర రెండున్నర రెట్లు మందంగా ఉంటుంది. బరువు మోసే ప్యానెల్‌ను చేతిలోకి తీసుకుంటే అంచంతా పళ్లెం అంచులా లావుగా తగిలేది అందుకే. దాని కింద నట్‌ప్లేట్లు బిగించే ఫ్రేము అంచు కూడా అంతే వెడల్పుగా ఉండాలి, ప్రతి నట్‌ప్లేటుకు మళ్లీ రెండు చిన్న రివెట్లు, అంటే ప్రతి స్క్రూకు మూడు రంధ్రాలు. స్ట్రెస్డ్ ప్యానెల్ బరువెక్కేది ఇక్కడ.

స్క్రూ తెగిపోతుందని జనం భయపడతారు గానీ అది అరుదు. మన 450 మిల్లీమీటర్ల అంచులో 30 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 15 స్క్రూలు ఉంటే హూప్ 4.7 టన్నుల్లో ఒక్కోదానికి 313 కిలోలు వస్తుంది, డిజైన్‌లో వేసే 1.5 భద్రతా గుణకం, అతుకులకు అదనంగా వేసే 1.15 కలిపినా 540 కిలోలు. గట్టి ఉక్కు స్క్రూ టన్ను దాకా తట్టుకుంటుంది. అరిగేది రేకు రంధ్రం. స్క్రూ ఉక్కు, రేకు అల్యూమినియం, ప్రతి ప్రయాణంలో ఒకే వైపుకు నొక్కుకుంటూ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. సాగిన కొద్దీ ఆ స్క్రూ మోయడం మానేస్తుంది, పక్క స్క్రూ మీద పడుతుంది. అందుకని మంచి డిజైనర్ అంచు దూరాన్ని, అంటే రంధ్రం మధ్య నుంచి ప్యానెల్ అంచుకు ఉండే దూరాన్ని, కావలసిన రెండు వ్యాసాల కంటే కాస్త ఎక్కువ వదులుతాడు. రేపు ఎవరో ఆ రంధ్రాన్ని పెద్దది చేసి అంగుళంలో 64వ వంతు లావు ఎక్కువున్న స్క్రూ వేయాల్సి వస్తుంది. ఆ చోటు వదలకపోతే చిన్న రిపేరు కాస్తా ప్యానెల్ మార్చేదాకా పోతుంది, గోటితో పోయేదానికి గొడ్డలి.

రంధ్రం మూలల సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి రెండు మాటలు. 1954లో బ్రిటన్ కామెట్ విమానాలు గాలిలో విచ్చిపోయాక ఫార్న్‌బరోలో ఒక కామెట్ కేబిన్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి పదే పదే ప్రెషర్ ఎక్కించి దించితే, అత్యవసర ద్వారం కోసం చేసిన కోత మూల దగ్గర చీలింది. మూలలు గుండ్రంగా ఉండాలి, మూల దగ్గర రంధ్రాలు దగ్గరదగ్గరగా పడకూడదు. హూప్ ఒత్తిడి పొడవు దిశ ఒత్తిడికి రెట్టింపు కాబట్టి, చుట్టూ దిశలో రెట్టింపు పొడవుండే దీర్ఘవృత్తం రంధ్రం పెడితే అంచు మీద ఒత్తిడి 1.5 రెట్లే పెరుగుతుంది, గుండ్రటి రంధ్రమైతే 2.5 రెట్లు. కానీ ఫ్రేముల మధ్య పెట్టెల్లో దీర్ఘవృత్తం చోటు వృథా చేస్తుంది, చివరికి అందరూ మూలలు బాగా తిప్పిన దీర్ఘచతురస్రం దగ్గరే ఆగుతారు.

ఇప్పటిదాకా రేకు గురించి. విప్పే మనిషి గురించి మాట్లాడకపోతే ఈ డిజైన్ సగమే.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం, బీఏసీ వన్ ఎలెవెన్, 17,300 అడుగుల దగ్గర ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగేయబడ్డాడు, సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే కో పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, అందరూ బతికారు. ఆ అద్దాన్ని అంతకు కొద్దిగా ముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 బోల్టులు కావలసినదానికంటే 0.66 మిల్లీమీటర్లు సన్నవి, మిగతా 6 బోల్టులు లావు సరిగ్గా ఉన్నా పొడవు తక్కువ. రాత్రి షిఫ్టులో పనిచేసిన వ్యక్తి పాత బోల్టును పక్కన పెట్టి కంటి కొలతతో జత చూసుకున్నాడు. సన్నటి బోల్టు తల గుంటలో లోతుగా దిగిపోతుంది, చూస్తే తెలియాలి, కానీ అతను నిలబడ్డ చోటు నుంచి ఒంగి చెయ్యి చాపి బిగిస్తుంటే ఆ తలలు సరిగా కనపడలేదు.

ఈ ఘటనను మెకానిక్ తప్పుగా చెప్పి వదిలేయడం సులువు. డిజైన్ వైపు నుంచి చూస్తే అద్దం బయట నుంచి బిగించేది, కేబిన్ ప్రెషర్ అంతా దాన్ని బయటికి తోస్తుంటే ఆపేవి ఆ బోల్టుల మరలు మాత్రమే. అదే అద్దం లోపలి నుంచి కూర్చునేదైతే ప్రెషర్ దాన్ని ఫ్రేముకు అదుముతుంది, బోల్టులు సన్నవైనా కొన్ని లేకపోయినా అది ఎక్కడికీ పోదు. పైగా చూపుకు ఒకేలా ఉండే, మర కూడా దాదాపు పట్టుకున్నట్టు అనిపించే రెండు సైజులు ఒకే చోట వాడే వీలు ఇవ్వడమూ డిజైన్ నిర్ణయమే. ఒక ప్యానెల్‌కు ఒకే వ్యాసం, వీలైతే ఒకే పొడవు స్క్రూలు ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే. మందం మారే చోట పొడవు మార్చే బదులు కింద ప్యాకింగ్ పెట్టి సమం చేయడం మంచిది, కొన్ని గ్రాములే కదా.

2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282లో ఊడిన డోర్ ప్లగ్ ఇంకో పాఠం. ఆ 737 మ్యాక్స్ 9లో అదనపు తలుపు అవసరం లేని చోట రంధ్రాన్ని మూయడానికి పెట్టిన ప్లగ్ అది. ప్రెషర్‌ను మోసేవి 12 స్టాపులు, అవి ప్లగ్‌ను బయటికి పోనివ్వవు. నాలుగు బోల్టుల పని ఒక్కటే, ప్లగ్ పైకి జరిగి ఆ స్టాపుల నుంచి తప్పుకోకుండా ఆపడం. బలం మోసే పని వేరు, తాళం వేసే పని వేరు, సూత్రంగా చక్కటి డిజైన్. ఎంత చక్కటిదంటే, రెంటన్ ఫ్యాక్టరీలో రివెట్ల రిపేరు కోసం ప్లగ్ తెరిచి ఆ నాలుగు బోల్టులూ తిరిగి పెట్టకపోయినా విమానం 150కి పైగా ప్రయాణాలు చేసింది. ప్రతి ప్రయాణంలో ప్రెషర్ ఎక్కగానే ప్లగ్ స్టాపులకు అతుక్కుని నిలబడింది, మెల్లమెల్లగా పైకి జరుగుతూ పోయి ఒకరోజు తప్పుకుంది. లోపం ఎక్కడంటే, బోల్టులు లేవన్న సంగతి లోపలి గోడ తొడుగు వేశాక ఎవరికీ కనపడదు. బోల్టు లేకుండా ప్లగ్ మూసుకోకపోయినా, లేదా మూసుకున్నా బయటికి పొడుచుకుని కనిపించినా, మొదటిరోజే దొరికేది. మోసేది బలంగా ఉండడం ఎంత ముఖ్యమో, తాళం పడలేదని తెలియడమూ అంతే ముఖ్యం.

ఈ రెంటిలో అందరూ బతికారు. 1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574లో ఉన్న 14 మందీ పోయారు. ముందు రాత్రి తోక అడ్డరెక్క ముందంచు మీద మంచును విడగొట్టే రబ్బరు తొడుగుల (బూట్ల) పని జరుగుతుండగా ఎడమ వైపు పై వరసలోని 47 స్క్రూలు తీశారు, షిఫ్టు మారింది, ఆ సంగతి తర్వాతి షిఫ్టుకు చేరలేదు. కింది వరస స్క్రూలు బిగించే ఉన్నాయి కాబట్టి ముందంచు దాని చోటులోనే కూర్చుని, నేల మీద నుంచి చూస్తే మామూలుగానే ఉంది. వేగం పెరగగానే ఊడింది. ఇది ఫ్యూజలేజ్ ప్యానెల్ కాదు, కానీ సూత్రం అదే: ఒక వరస స్క్రూలు లేకపోయినా ముక్క దాని చోట కదలకుండా కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదు. ఏదైనా ఫాస్టెనర్ ఊడితే విమానం సురక్షితంగా దిగలేని పరిస్థితి వస్తుందంటే దానికి రెండు వేరువేరు లాకులు ఉండాలని అవే అమెరికా నిబంధనల్లోని 25.607 చెబుతుంది. లాకు ఉన్నదాన్ని ఊడనివ్వదు సరే, అసలు పెట్టనిదాన్ని ఏ లాకూ కాపాడలేదు.

కార్బన్ ఫైబర్ వచ్చాక లెక్కలు ఇంకాస్త మారాయి. మన యుద్ధవిమానం తేజస్ బయటి ఉపరితలంలో 90 శాతం ఇలాంటి కాంపోజిటే. అల్యూమినియంకు ఒక మంచి గుణం ఉంది, ఒక రంధ్రం దగ్గర బలం ఎక్కువైతే కాస్త లొంగి సాగుతుంది, ఈలోపు పక్క స్క్రూలు అందుకుంటాయి, పని అందరికీ పంచుతుంది. కార్బన్ లొంగదు. వరసలో ముందు తగిలిన స్క్రూ అది పగిలేదాకా ఒంటరిగా మోస్తుంది. కాబట్టి రంధ్రాల కచ్చితత్వం ఇంకా పెరగాలి, పదే పదే విప్పే చోట రంధ్రంలో లోహపు బుష్‌లు, అంటే చిన్న గొట్టం ముక్కలు, పెట్టాలి. కార్బన్ ప్యానెల్‌ను అల్యూమినియం ఫ్రేముకు బిగిస్తే వేడి చలి గొడవ ఒకటి: ఎండలో 45 డిగ్రీల రన్‌వే నుంచి పైన మైనస్ 55కు పోతే 600 మిల్లీమీటర్లలో ఫ్రేము ప్యానెల్ కంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు ఎక్కువ కుంచించుకుంటుంది. రంధ్రాలు బిగుతుగా ఉండాలన్న కోరిక, ఈ 1.2 మిల్లీమీటర్లు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. మధ్యలో గాజు పీచు పొర వేయకపోతే కార్బన్ తగిలిన అల్యూమినియం తుప్పు పట్టి పొడి రాలుతుంది.

మార్చుకోగలగడం అనేది విడిగా చెప్పుకోవాల్సిన సంగతి. ప్యానెల్‌ను విమానం మీదే పెట్టి రంధ్రాలు తొలిస్తే ఆ ఒక్క విమానానికి దివ్యంగా సరిపోతుంది, పక్క విమానానికి పనికిరాదు. అందుకే అలాంటి ప్యానెళ్ల వెనక ఏ విమానానిదో నంబరు రాసి ఉంటుంది. యుద్ధంలో ప్యానెల్ దెబ్బతింటే స్టోర్ నుంచి కొత్తది తెచ్చి బిగించగలగాలంటే, ప్యానెలూ ఫ్రేమూ ఒకే మాస్టర్ కొలతకు విడివిడిగా తయారై చివర్లో కలవాలి. హైదరాబాద్ శివారు ఆదిబట్లలో తయారైన అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్ అమెరికాలోని మీసాకు వెళ్లి అక్కడ మిగతా భాగాలతో కలుస్తుంది, అదే ఊళ్లో సీ-130జే రవాణా విమానాల తోకలు తయారవుతాయి, రఫేల్ ఫ్యూజలేజ్ భాగాలు హైదరాబాద్‌లో తయారు చేసేందుకు 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఎక్కడో చేసిన ముక్క ఇంకెక్కడో చేసిన రంధ్రానికి సరిపోవాలంటే మిల్లీమీటరులో పదో వంతు గురించి తగువులాడే మనుషులు రెండు వైపులా ఉండాలి. ఆ ఫ్యాక్టరీల్లో జిగ్గుల మీద, అంటే ముక్కల్ని కొలత తప్పకుండా పట్టి ఉంచే చట్రాల మీద, పనిచేసే కుర్రాళ్లు చేసేది చిన్న పని అనుకోకూడదు.

హ్యాంగర్‌లో ఇదంతా ఎలా కనిపిస్తుందో చూడండి. రాత్రి రెండింటికి 70 స్క్రూల ప్యానెల్ బిగిస్తున్నారు, 67 ఎక్కాయి, మూల దగ్గర మూడు పట్టడం లేదు. టార్చ్ కొట్టి చూస్తే నట్‌ప్లేటు రంధ్రం సగం చంద్రుడిలా పక్కకు జరిగి కనిపిస్తోంది. సన్నటి పంచ్ దూర్చి, పక్కకు వంచి, మర పట్టించే ప్రయత్నంలో తలప్రాణం తోకకు వస్తుంది. చివరికి ఎక్కుతుంది, కానీ రంధ్రం అంచు నలిగింది, స్క్రూ తల గాడి అరిగింది, వచ్చేసారి విప్పేటప్పుడు డ్రిల్ పెట్టాల్సిందే. చాలాసార్లు కారణం వరస: ఒక మూల నుంచి మొదలుపెట్టి ఒక్కోటి గట్టిగా బిగించుకుంటూ పోతే తేడా అంతా చివరి మూలకు చేరుతుంది. అన్ని స్క్రూలూ రెండు మూడు చుట్లు వదులుగా ఎక్కించి, ఆ తర్వాత కారు చక్రం బోల్టుల్లా ఎదురెదురుగా బిగించాలి.

కానీ కొన్నిసార్లు వరస సరిగ్గానే ఉంటుంది. ప్యానెల్ విప్పినప్పుడు విమానం తన చక్రాల మీద నిలబడి ఉంది, లోపల బరువులు ఉన్నాయి, ఆ క్షణం దాకా ప్యానెల్ మోస్తున్న బలం స్క్రూలు ఊడగానే పక్కకు మళ్లి ఒళ్లు కొద్దిగా సడలింది. రంధ్రం ఆకారం మారింది. ఇప్పుడు బలవంతంగా బిగిస్తే ఆ వంకర అలాగే లోపల బంధించబడి ఉంటుంది. కాబట్టి స్ట్రెస్డ్ ప్యానెల్ విప్పే ముందు విమానాన్ని చెప్పిన చోట్ల జాకీల మీదో స్టాండ్ల మీదో నిలబెట్టి ఒళ్లును ఆధారం మీదకు తేవాలని మాన్యువల్ చెబుతుంది. ఇలాంటి ప్యానెల్ తీసి ఉండగా జాకీ ఎత్తకూడదు, లాగకూడదు, ఇంజిన్ నడపకూడదు అని కొన్ని యుద్ధవిమానాల ప్యానెళ్ల మీదే ఎర్ర అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. ఆ అక్షరాలు కూడా డిజైన్ డ్రాయింగులో భాగమే, వాటికి సైజు, రంగు, చోటు అన్నీ రాసి ఉంటాయి. పెయింటు మళ్లీ వేసినప్పుడు ముందుగా మాయమయ్యేవీ అవే. మాయమైతే చెయ్యి పెట్టేవాడికి అది మామూలు మూతలాగే కనిపిస్తుంది, అందుకే అక్షరాలు మిగిలి ఉన్నాయో లేదో చూడటం కూడా తనిఖీ కార్డులో ఒక వరసగా ఉండాలి.